వేక్‌ఫీల్డు పారిషును పెన్నేటి పల్లెయు

పల్లెటూరి కాపురమును గూర్చి వ్యాసము వ్రాయింపని పాఠశాల తెలుఁగునాట లేదనవచ్చును. ఆ వ్యాసములన్నియు నొక్క పోఁతగా నుండును. ఊరి చేరువ నొక యేఱు పాఱుచుండును. గట్టున చెట్లనీడ యుండును. సాయంకాలమున గుడిగంట మ్రోఁగును. ఊరివారందఱు నన్నదమ్ములవలె మెలఁగుదురు. కలహములు లేవు, కొఱఁతలు లేవు. కోనసీమ బాలుఁడు వ్రాసినను నింతే, కల్యాణదుర్గపు బాలుఁడు వ్రాసినను నింతే. వానలేని యేఁడు ఇసుక మాత్రమే కానవచ్చు నది చెంత పుట్టిన బాలునిచేత నీ నిత్యప్రవాహమును వ్రాయించిన దెవరను ప్రశ్న విమర్శకులు విచారింపఁదగినది. సంస్కృతకవుల యాశ్రమవర్ణనము కొంత కారణము. అంతకంటె పెద్ద కారణము ఆంగ్లవిద్య. ఇంగ్లండులోని ప్రశాంతమగు పల్లెపారిషు గోల్డుస్మిత్తు, గ్రేకవుల పుస్తకములతోఁ గూడ మన పాఠశాలలోనికి వచ్చి, మన పల్లె పేరు పెట్టుకొని కూర్చున్నది.

పారిషు అను మాట గ్రీకుభాషలోని పరొయికియా శబ్దమునుండి లాటిను మీఁదుగా వచ్చినది. పర యనఁగా చెంత. ఒయికొస్ అనఁగా ఇల్లు. ఈ యొయికొస్ శబ్దమునకును, సంస్కృతమున విశ్ ధాతువునుండి పుట్టిన వేశశబ్దమునకును చుట్టఱికము కలదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున పారిషునకు ప్రతివేశ మనునది యర్థముచేతను అవయవములచేతను చక్కగా నమరును. అక్కడి గురువునకు వికారని పేరు. గ్రామవాచియగు లాటిను వికస్ శబ్దమునుండి యిది పుట్టినదని భ్రమపడరాదు; ఇది ప్రతినిధి యను నర్థముగల వేఱుమాట. మన గ్రామశబ్దమునో, వైయాకరణులు ఉణాదులలో గ్రస్ ధాతువునుండి సాధించిరి. గ్రసించుట యనఁగా మ్రింగుట. ఊరు మ్రింగునదో మ్రింగఁబడునదో ఉణాదులు చెప్పవు. కఱవుసీమవారికి చెప్పనక్కఱయు లేదు.

పారిషు కేవలము గుడియు గంటయు కాదు. ఊరివారు పంటలో పదియవపాలు గుడికి చెల్లింపవలెను. ధాన్యములోని పెద్దపాలు రెక్టరునకు, చిన్నపాళ్లు వికారునకు చెందుట వాడుక. గురువునకు గుడిమాన్యము వేఱుగ నుండెను. 1538 మొదలు ప్రతి పారిషునందును పుట్టినవారికి నామకరణములు, వివాహములు, మృతుల ఖననములు పుస్తకమున కెక్కవలెనని యాజ్ఞ యయ్యెను. 1601 నాఁటి శాసనముచేత దిక్కులేనివారిని పోషించు భారమును పారిషుమీఁదనే పడెను. మన పల్లెలలో పన్నిద్దరాయగాండ్రు, వారి మేరలు, దేవమాన్యములు నిట్టివే యని తోఁచును. కాని యొక భేదము గుర్తింపఁదగియున్నది. పారిషు పుస్తకము మనుష్యుని వ్రాసెను. మన ప్రాచీనపు కరణము లెక్క నేలను వ్రాసెను. రంగఁడెప్పుడు పుట్టెనో కరణమునకు తెలియదు. రంగని తండ్రి చేను ఎన్ని గుంటలో, అందు ఎంత బీడో తెలియును. మన గ్రామకావ్యమున మనుష్యుఁడు ఆలస్యముగా ప్రవేశించుటకు నిదియు నొక కారణము కావచ్చును.

ఆలివర్ గోల్డుస్మిత్తు రచించిన వేక్‌ఫీల్డు వికారు కథ 1766లో వెలువడినది. ప్రింరోజు అను గురువు తన సొత్తు నమ్మియుంచిన వర్తకుఁడు పాఱిపోఁగా నిర్ధనుఁడై, సాలునకు పదునేను పౌనుల జీతము గల చిన్న పారిషునకు కుటుంబముతో చేరి, ఇరువది యెకరముల చేను సాగుచేసికొనుచు కాలముగడపును. ఆ పారిషు వర్ణనమే కథకు ప్రాణము. ఇరుగుపొరుగువారందఱును కాఁపులు, కలిమియు లేదు, లేమియు లేదు. ఎండుగడ్డి కోతకు కుటుంబమంతయు చేనికి పోవును. తరువాత నా గ్రామప్రభువు దౌర్జన్యము, ఇల్లు కాలుట, చెఱసాల, తుదకు బర్చెల్లను పేరుతో మాఱువేషమున తిరుగుచున్న సర్ విలియము బయల్పడి యన్నిటిని చక్కపఱచుట.

వీరేశలింగము పంతులుగారు దీనినుండి ప్రేరణము పొంది 1878లో వివేకవర్ధనియందు రాజశేఖరచరిత్రమును ప్రకటించిరి. అది 1880లో పుస్తకమైనది. గోల్డుస్మిత్తు ఛాయ యిందున్నదన్న మాట యందఱు నెఱిఁగినదే. ఆ ఛాయలో నేది రాలేదో చూచినవారు తక్కువ. ధనికుఁడు దరిద్రుఁడగుట వచ్చినది, చెఱసాల వచ్చినది, బర్చెల్లు రామరాజై వచ్చి, పెద్దాపురపు ప్రభువుగా తేలెను. పారిషు మాత్రము రాలేదు. ప్రింరోజునకు నొక యధికారమున్నది; ఊరివారి పాపపుణ్యములకు తాను పూచీదారు. కావుననే చెఱసాలలో పడినను నక్కడి ఖైదీలే యాతని క్రొత్త పారిషగుదురు. వారికి బోధచేయుచు నాతఁడు వికారుగానే నిలుచును. రాజశేఖరునకు నట్టి యూరు లేదు. ఆతఁడు ధవళేశ్వరమున గొప్పగృహస్థు. ఆతని యింట చేరువారు స్తుతిపాఠకులు. ఆతని ధనము నశించినది వర్తకుని మోసముచేత కాదు, స్వర్ణయోగము చేసెదనన్న బైరాగిని నమ్ముటచేతను, ముఖస్తుతికి లొంగుటచేతను. దీనివలన మూలములోని ప్రశాంతి పోయినది. దానికి మాఱుగా సంఘదోషములపై నవ్వు వచ్చినది. పంతులుగారు ప్రశాంతమగు గ్రామమును చూపఁదలఁపలేదు, గ్రామమును కడుగఁదలఁచిరి. ఈ మార్పును లోపమనుట న్యాయము కాదు. తెలుఁగున పారిషు నున్నదున్నట్లు దింపినచో నది తెలుఁగుటోపీ పెట్టుకొన్న దొరవలె నుండెడిది. హచిన్‌సన్ అను నాంగ్లేయుఁడు 1887లో దీనిని తమ భాషలోనికి మార్చి ప్రకటించుటచేత, ఇంగ్లండునుండి వచ్చిన కథ వేషము మాఱి యింగ్లండునకే తిరిగిపోయినది. అక్కడివారు దీనిని హిందూకుటుంబకథగా చదివిరేకాని పాత చుట్టముగా కాదు.

కథకు స్థలమైన ధవళేశ్వరమును గూర్చి యొక మాట చెప్పవలెను. కాటను దొర 1847 మొదలు 1852 వఱకు గోదావరి కానకట్ట కట్టించిన తావదియే. పంతులుగారి కథ యానకట్టకు పూర్వకాలపుదైనను, దానిని చదివినవారు ఆనకట్టకు తరువాతివారు. కాలువ, చేను, తోఁట, గుడి అను నాంగ్లకవుల సామగ్రి వారి కన్నులయెదుట నుండెను. పెన్నానది తుదియందలి నెల్లూరునను నిట్లే. దువ్వూరి రామిరెడ్డిగారి కృషీవలుఁడు ఆ దిగువపెన్న నేలలోనుండి పుట్టినది. రైతును కావ్యనాయకునిగా నిలిపిన గౌరవము దానిది. ఆ రైతునకు కష్టములున్నవి, అయినను నాతని చేను పచ్చన. అదే నది ఎగువ వేఱొక కావ్యమును కన్నది. ఒక్క యేటి రెండు కొనలయందు పుట్టిన యీ రెండు రచనలను ప్రక్కప్రక్కన నుంచి చదివింపకపోవుట పాఠ్యనిర్ణేతల యేమరుపాటు.

అనంతపురపు పీఠభూమి నైసర్గికస్థితి తెలియక యా రెండవకావ్యము తెలియదు. పడమటి కనుమలు నైరృతిమేఘములను మార్గమధ్యముననే దోఁచుకొనును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమున నలసిపోయి కొసరు మాత్రము పంపును. సాలునకు 550 మిల్లీమీటర్లకు నటునిటుగా పడును. ఇంగ్లండు తూర్పుతీరమున సఫోకు ప్రాంతమునను వాన యించుమించుగా నింతియే యని తెలిసినచో చదువరు లాశ్చర్యపడుదురు. అచ్చట నది పండ్రెండునెలలును కొంచెముకొంచెముగా చినుకుచు, చల్లని యెండలో నేలయందు నిలుచును. ఇచ్చట కొన్నినాళ్ల వానలో వచ్చి, మండుటెండకు నావిరియై పోవును. కావున పచ్చదనము వానమొత్తముచేత కలుగునది కాదు. వాన నడతచేత కలుగునది. విజయనగరపు పాలకులు దీని నెఱిఁగియే బుక్కరాయసముద్రము, ధర్మవరము మొదలగు చెఱువులు కట్టించిరి.

ఆంగ్లసాహిత్య మీ సీమకు రాకపోలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యమున పెనుగొండలో సబుకలెక్టరు భార్యయగు నాంగ్లవనితయొద్ద షేక్‌స్పియరు మొదలగువారిని చదివిరి. (పెనుగొండ 2022 నుండి శ్రీసత్యసాయిజిల్లాలోనిది.) ఆ బాల్యముననే పెనుగొండలక్ష్మిని రచించిరి, తరువాత తాము విద్వత్పరీక్షకు పోఁగా తమ కావ్యమే తమకు పాఠ్యమగుట ప్రసిద్ధము. గోల్డుస్మిత్తు 1770లో నిర్మానుష్యమైన ఆబర్ను పల్లెకై యేడ్చెను. ఆచార్యులవారు శిథిలమైన రాజధానికై యేడ్చిరి. ఈ సీమకవికి పాడువడినదనఁగానే పల్లె తోఁపదు, కోట తోఁచును. పల్లె పాడువడుట ఇక్కడ వార్త కాదు కాఁబోలు.

ఆ పల్లెను కావ్యమునకు తెచ్చినవారు విద్వాన్ విశ్వముగారు. వారు 1915లో తరిమెలయందు జన్మించిరి, సంస్కృతమున విద్వాంసులు, పత్రికారచనమున జీవించిరి, 1987లో గతించిరి. వారి పెన్నేటిపాట 1956లో వెలువడినది. పేరులోనే వ్యాకరణపు సొగసు కలదు. ఏఱు శబ్దము ఔపవిభక్తికము. టివర్ణాదేశముచే ఏటి యగును. పెన్న యను నేఱని సంజ్ఞగా చెప్పవచ్చును. పెనుఏఱని విశేషణముగా చెప్పుటకును వీలున్నది. రెండవ యర్థమున నొక యెత్తిపొడుపు వినఁబడును, పెద్దయేటిలో నీరు లేదు గనుక. పాట యనుటచేత గేయము మాత్రమే యని తలఁపరాదు. పద్యములును మాత్రాగతులును కలిసి నడచును. సీమపలుకుబడి సంస్కృతసమాసము చెంత జంకక నిలిచినది. విద్వాంసుఁడు వ్రాసిన పాట యనుటకు నిదియే గుఱుతు.

కథ చిన్నది. ఒకప్పుడు కలిగిన యింట పుట్టిన రంగఁడు, ఆతని భార్య గంగమ్మ, వారి లేమి, వారి రెక్కలకష్టము. ఇందు రసమేది యను ప్రశ్నకు పండితలోకమున నొక యాక్షేపము వినవచ్చును. దారిద్ర్యము దైన్యమునకు విభావమని భరతుఁడు చెప్పెను. దైన్యము వ్యభిచారిభావమేకాని స్థాయి కాదు. కావున పేదల కథ యెంత సాగినను భావధ్వనిగా నుండునుగాని రసపదవి నందదని వారి వాదము. దీనిని త్రోసివేయుట తేలిక కాదు. పేదఱికమును వర్ణించిన నాధునికరచనలు పెక్కు నిజముగనే దైన్యముకడ నాగిపోయినవి. చదువరి జాలిపడునుగాని కరఁగఁడు. అయినను వాదులు భరతుని సగమే చదివిరి. కరుణమునకు విభావములను చెప్పుచోట నా మునియే యిష్టజనవియోగముతోపాటు విభవనాశమును లెక్కించెను. లేమి వేఱు, కలిమి పోవుట వేఱు. మొదటిది దైన్యమునకును, రెండవది శోకమునకును కారణము. విశ్వముగారు రంగని పుట్టుపేదగా చేయక, కలవారిబిడ్డగా చేయుటలోని కిటుకిది. రంగఁ డొక్కఁడే కాఁడు. నదియును, సీమయును విభవము కోలుపోయినవిగానే కావ్యమున కానవచ్చును. ఆలంబనము మూఁడంతస్తులుగా నిలిచినది. ఇట్టి నిర్మాణము అలంకారశాస్త్రము చదివినవారికిఁగాని తోఁచునది కాదు.

మఱియొక చిక్కు కలదు. కరుణము నిరపేక్షమనియు, విప్రలంభము సాపేక్షమనియు భేదము. పోయినది మరల రాదని తెలిసినప్పుడే కరుణము. వచ్చునను నాస మిగిలినచో విప్రలంభము. మెట్టరైతు దుఃఖ మీ రెంటిలో నెందు చేరును? మృగశిర పోయినను ఆర్ద్ర యున్నదని చూచును. ఆర్ద్ర పోయినను పునర్వసు కలదనును. చేనిలో విత్తనపుకాయ లెండినను మఱుసటియేఁడు అప్పుచేసి మరల విత్తును. ఈయాస విరహిణి యాసవంటిది. మేఘుఁడు దూతగా కాక తానే ప్రియుఁడుగా తప్పించుకొని తిరుగును. పెన్నేటిపాటలోని శోకము కొన్నిచోట్ల కరుణముగా ముగియక యిట్లు వ్రేలాడుటను కొందఱు లోపమందురు. అది లోపము కాదు, లక్ష్యమునకు లక్షణము చాలకపోవుట. లక్షణకారులు దండకారణ్యమును చూచిరి, అయోధ్యను చూచిరి. వేరుసెనగచేని గట్టున నిలిచి మబ్బును చూచుట వారికి పడలేదు.

ఇఁక నిర్వహణము. ప్రింరోజునకు సర్ విలియము వచ్చెను. రాజశేఖరునకు రామరాజు వచ్చెను. రంగనికి నెవ్వరును రారు. మాఱువేషపు రాజు కథలోనికి రాకపోవుటయే వేక్‌ఫీల్డు పారిషునకును పెన్నేటిపల్లెకును గల పెద్దదూరము. గోల్డుస్మిత్తు పల్లెను పాడుచేసినది ధనికుని యాశ. ఒకనిని తిట్టవచ్చును, ఒకనిని ప్రార్థింపవచ్చును. ఇచ్చట మబ్బును తిట్టినను మారాడదు. వడ్డీయప్పు, పన్ను, కూలి యను మనుష్యకృతములు కూడ నిందున్నవి. విశ్వముగారి రాజకీయవిశ్వాసములు వానిని మఱువనీయవు. అయినను కవి తీర్పరియై తుదకు నెవ్వనినో శిక్షించి కథను ముడివేయలేదు. అది వారి సంయమము.

దోషమును చెప్పక విడిచినచో విమర్శ కాదు. రాయలకాలపు వైభవమును చెప్పుచోట కవి యతిశయోక్తిని లోకమంతయు చెప్పుకొను తీరుననే విడిచినారు. ఆనాఁడు సీమ నీటితో తులఁదూఁగెనని నమ్మినచో, ఆ యేలికలు చెఱువులనెందుకు కట్టించి రను ప్రశ్నకు సమాధానము లేదు. చెఱువుగట్టు సమృద్ధికి గుఱుతు కాదు, దాహమునకు గుఱుతు. రాజ్యము పోవుటచే వాన తగ్గలేదు. చెఱువు చూచువాఁడు తగ్గెను. కవి యీ భేదమును పాటించియున్నచో విభవనాశము మఱింత నిక్కమై, శోకము చరిత్రముమీఁద కాలూని నిలిచెడిది.

ఆంగ్లసాహిత్యముననే యీ రెండవపల్లె కలదని మన పాఠశాలలకు తెలియదు. గోల్డుస్మిత్తు ఆబర్ను వెలసిన పదుమూఁడేండ్లకు, 1783లో, జార్జి క్రాబు గ్రామ మను కావ్యమును ప్రకటించెను. క్రాబు స్వయముగా పారిషు గురువు. సఫోకు తీరమున ఆల్డుబరోలో పుట్టి, అచ్చటనే కొంతకాలము గురుత్వము చేసినవాఁడు. ఆతని పల్లెలో నేల యిసుక, పైరును కలుపు మ్రింగును. పేదలసత్రపు గోడలు కూలును. చచ్చువాని చెంతకు రావలసిన గురువు వేఁటకు పోవును. పారిషులో నుండి వ్రాసినవాఁడు ప్రశాంతిని చూడలేదు. దూరమున లండనులో కూర్చుండి వ్రాసినవాఁడు చూచెను. గిల్బర్టు వైటు వంటి సాక్షియు లేకపోలేదు. ఆతఁడు సెల్బర్ను పల్లెలో క్యూరేటుగా నుండి పిట్టలను తాఁబేటిని చూచుచు 1789లో పుస్తకము వ్రాసెను. ఆ ప్రశాంతి సత్యమైనదే. కాని మనకు క్రాబును దాఁచి గోల్డుస్మిత్తును మాత్రము చేతికిచ్చిరి. పరీక్షాపత్రములలో నాబర్ను పలుమాఱు పండినది, ఆల్డుబరో మొలవలేదు. కల్యాణదుర్గపు బాలునికి క్రాబు దగ్గఱచుట్టము.

మన సీమవారు మాఱువేషపు రాజును బొత్తిగా నెఱుఁగనివారు కారు. మన్రో దొర 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధానకలెక్టరై యనంతపురమున నుండి, డేరాలతో నూరూర తిరిగి రైతుల మాట వినెను. ఆతఁడు ఆంగ్లేయుఁడు కాఁడు, స్కాట్లండువాఁడు. శిస్తులో నాల్గవపాలు తగ్గింపవలెనని 1807లో వ్రాసెను. పైవారు వెంటనే యొప్పుకొనలేదు. 1820లో గవర్నరై, 1827లో సీమను కడపటిసారి చూడవచ్చి, జూలై 6వ తేది పత్తికొండలో విషూచిచే మరణించెను. గుత్తికోట క్రింది ఇంగ్లీషు శ్మశానమున నాతనిని పాఁతిపెట్టిరి. తరువాత నస్థులను చెన్నపురికోటలోని గుడికి కొనిపోయిరి. తక్కిన సమాధు లక్కడనే మిగిలినవి. గ్రేకవి 1751లో వర్ణించిన పల్లెశ్మశానమునకు ఈ జిల్లాలో దగ్గఱపోలిక యిదియొక్కటే. పచ్చిక మాత్రము లేదు.

ఏఱు, ఏటి అను రూపములను తాడిపత్రిలో నేర్పు పండితునకు నుదాహరణము ప్రక్కనే యున్నది. బడి ముగిసిన పిమ్మట పిల్లలను పెన్నలోనికి తీసికొనిపోయినచో, వేసవిలో నాఁడువారు ఇసుకను చేతులతో త్రవ్వి, ఊటనీరు ఊఱువఱకు కూర్చుండి, చిప్పతో కడవ నింపుకొను తావు కనఁబడును. దానిపేరు చెలమ. ఏటిచెలమ యని షష్ఠీసమాసముగా చెప్పవచ్చును.